కల్వర్టు ముందు ఆగే బస్సు: ఆంబుష్ నుంచి బయటపడ్డ ఒక హవల్దారు కేసు

శ్రీకాకుళం జిల్లాలో ఒక కాలేజీ బస్సు డ్రైవరు తన రూట్లో వచ్చే ప్రతి కల్వర్టు ముందూ బండి ఆపేవారు. దిగి, పక్కకి వంగి తూము లోపలికి చూసి, మళ్లీ ఎక్కి నడిపేవారు. పిల్లలు మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పారు. ఒక సాయంత్రం రోడ్డు పక్కన ఫైబర్ కేబుల్ కోసం తవ్వి కొత్తగా పూడ్చిన మట్టి కనిపించింది. ఆయన బస్సు ఆపి, పిల్లలందర్నీ దింపి, దూరంగా నడిపించి, తానొక్కరే ఖాళీ బస్సును ఆ చోటు దాటించారు. మర్నాటి నుంచి రావద్దని యాజమాన్యం చెప్పేసింది. భార్య, ఆమె తమ్ముడు కలిసి ఆయన్ని విశాఖపట్నంలో నా దగ్గరికి తీసుకొచ్చారు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు, రాసింది చదివి కొన్ని చోట్ల దిద్దించారు కూడా. వయసు, ఊరు, యూనిట్, సంఘటన జరిగిన సంవత్సరం ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను, లేదంటే వదిలేశాను. ఇక్కడ ఆయన్ని హవల్దారు గారు అనే అంటాను.

ఆయన చేసిన పని ఒకప్పుడు ఆయన డ్యూటీ. మిలిటెంట్ల బెడద ఉన్న ప్రాంతాల్లో సైన్యం బండ్లు కదిలే ముందు రోడ్ ఓపెనింగ్ పార్టీ నడుచుకుంటూ వెళ్లి దారంతా చూస్తుంది. వాళ్లు ముందు వెతికేది కల్వర్టుల కిందే. ఐఈడీ (చేత్తో తయారుచేసి దాచే బాంబు) పెట్టడం అక్కడ తేలిక, పేలితే దెబ్బ నేరుగా బండి అడుగుకి తగులుతుంది. కొత్తగా కదిలించిన మట్టి కనిపిస్తే ఆగిపోవాలి, అందర్నీ దూరంగా పంపాలి. ఆ సాయంత్రం ఆయన చేసింది అచ్చంగా అదే. తేడా ఏమిటంటే ఇది శ్రీకాకుళం, బండిలో ఉన్నది ఇంటర్మీడియట్ పిల్లలు.

ఇంటి సంగతులు

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన పెద్దగా మాట్లాడలేదు. కుర్చీని గోడవైపు జరుపుకుని తలుపు కనపడేలా కూర్చున్నారు. అడిగినదానికి ‘లేదు మేడమ్’, ‘పర్లేదు మేడమ్’. చెప్పింది భార్య. “రాత్రి రెండింటికి లేచి గేటు తాళం చూసొస్తారు మేడమ్. మళ్లీ మూడింటికి. కూడా ఎవరైనా వెళ్తే కోపం. పెళ్లిళ్లకి రారు. పిల్లాడు వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యేశాడని వాడి చెయ్యి మెలిపెట్టేశారు. తర్వాత ఆ రాత్రంతా ఏడ్చారు.” క్యాంటీన్ రమ్ము వారానికో సీసా నుంచి మూడు రోజులకో సీసాకి వచ్చింది. దానికి తోడు మందుల షాపులో ఎవరో అలవాటు చేసిన ఆల్‌ప్రాజొలామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర.

నేను ముందు తేల్చుకోవాల్సింది బస్సు సంగతి. యాజమాన్యం పిలిచినా పిలవకపోయినా, నిద్రలేకుండా, మందూ మాత్రా కలిసిన ఒంటితో పిల్లల బండి నడపకూడదని మొదటి రోజే చెప్పాను. ఆయన వాదించలేదు. డ్రైవరుకి ఆ మాట కొత్తది కాదు. అలాగే చావాలనిపిస్తోందా అనీ నేరుగా అడిగాను. ఈ ప్రశ్న అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందని మన దగ్గర చాలామందికి భయం. అదేం కాదు, అడగకపోవడమే ప్రమాదం. ‘ఆలోచన వస్తుంది, ప్లాను లేదు’ అన్నారు. లైసెన్సుతో ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకిని ఆ వారంలోనే పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయించాం. రాత్రివేళ ఇబ్బందైతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమని నంబరు భార్య ఫోన్లోనూ వేయించాను.

ఒక విషయం నాకు ఆసక్తిగా అనిపించింది. వాళ్ల ఊరికి దగ్గర్లో గ్రానైట్ క్వారీ ఉంది. అక్కడ పేలుళ్లు జరిగినా ఆయన ఉలిక్కిపడరు. పేల్చే ముందు సైరన్ వేస్తారు, టైము కూడా దాదాపు ఒకటే. అదే బస్సు రేడియేటర్ కారి కూలెంట్ తీపి వాసన వస్తే చాలు, చెమటలు పట్టి చేతులు బిగుసుకుపోతాయి. ఇలాంటి మనిషికి పెద్ద శబ్దమంటేనే భయం అనుకుంటాం. ఈయన విషయంలో శబ్దం కన్నా వాసనే పెద్ద ట్రిగ్గర్. ఆ వాసన ఎక్కడిదో తెలియడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

లెక్కలూ, మందులూ

పీసీఎల్-5 అనే ప్రశ్నావళి వేశాం. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. మామూలుగా 31–33 దాటితే పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటన తర్వాత మనసుని వదలకుండా పట్టే జబ్బు) ఉండొచ్చని తీసుకుంటాం. ఆయనది 50 దాటింది. మద్యం అలవాటుని కొలిచే ‘ఆడిట్’ అనే ప్రశ్నావళిలో స్కోరు కూడా ఎక్కువే. పేలుడు దగ్గర్లో జరిగింది కాబట్టి తలకు దెబ్బ తగిలిందా అన్నది వదలకూడదు. న్యూరాలజిస్టుకీ, చెవి పరీక్షకీ పంపాను. సన్నటి కీచు శబ్దాలు రెండు చెవులకీ సరిగ్గా వినపడటం లేదు, ఎడమ చెవిలో ఎప్పుడూ ఈల మోగుతుంటుంది. ఇంట్లోవాళ్లు ‘పిలిస్తే పలకరు, పట్టించుకోరు’ అన్నదాంట్లో కొంత భాగం ఈ చెవిదే.

సంఘటన జరిగాక చాలా ఏళ్లపాటు ఆయన మామూలుగానే ఉన్నారు, లేదా ఉన్నట్టు కనిపించారు. సర్వీసులో ఉన్నప్పుడు రోజంతా పని, చుట్టూ తనలాంటివాళ్లే. రిటైరై వచ్చిన తర్వాత, 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో సీఆర్‌పీఎఫ్ కాన్వాయ్ మీద దాడి జరిగి 40 మంది చనిపోయినప్పుడు, బస్టాండులో ఎవరో ఫోన్లో ఆ దృశ్యాలు చూపించారట. నిద్ర పోయింది ఆ వారం నుంచే. ఘటన తర్వాత ఆరు నెలలకో, ఇంకా ఆలస్యంగానో లక్షణాలు పూర్తిగా బయటపడటాన్ని మానసిక జబ్బుల నిర్ధారణకి వాడే పుస్తకం డీఎస్ఎమ్-5 కూడా గుర్తిస్తుంది.

మందుల పని మా సైకియాట్రిస్టుది. డిప్రెషన్‌కీ పీటీఎస్‌డీకీ వాడే సెర్ట్రలీన్ మొదలుపెట్టి, ఆల్‌ప్రాజొలామ్‌ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. ఈ రకం మాత్రలు పీటీఎస్‌డీని నయం చేయవు, పైగా మేం చేయబోయే చికిత్సకి అడ్డం. పీడకలలకి ప్రజోసిన్ ఇవ్వాలా అన్న చర్చ వచ్చింది. అమెరికా మాజీ సైనికుల మీద జరిగి 2018లో వెలువడిన పెద్ద ట్రయల్లో అది ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కన్నా మెరుగ్గా పనిచేయలేదు. పైగా అది బీపీని తగ్గించే మందు, ఈయనకి బీపీ కాస్త తక్కువే కాబట్టి దాని జోలికి వెళ్లలేదు. మద్యం తగ్గి, నాలుగైదు గంటలు నిద్ర పట్టడం మొదలయ్యాకే జ్ఞాపకం దగ్గరికి వెళ్లాం.

ఆ ఉదయం

మేం చేసింది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. ఎడ్నా ఫోవా అభివృద్ధి చేసిన పద్ధతి. కళ్లు మూసుకుని, జరిగినదాన్ని ఇప్పుడు జరుగుతున్నట్టుగా, మొదటినుంచి చివరిదాకా మళ్లీ మళ్లీ చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర వినాలి. మధ్యమధ్యలో టెన్షన్ ఎంతుందో 0 నుంచి 100 లోపు అంకె అడుగుతాను.

మొదటిసారి తెలుగులో చెప్పారు. పోలీసు రిపోర్టు చదివినట్టుంది, అంకె 40 దాటలేదు. సర్వీసులో ఆయన రోజంతా మాట్లాడింది హిందీ. నాకు హిందీ వచ్చు కాబట్టి అందులో చెప్పమన్నాను. మొదటి నిమిషంలోనే అంకె 80 అయింది. తర్వాత చాలా వారాలు హిందీలోనే నడిచింది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఈశాన్యంలో ఒక కొండ జిల్లా. మూడు బండ్లు. ముందు జిప్సీ, మధ్యలో ఆయన నడిపే రెండున్నర టన్నుల ట్రక్కు, వెనక ఇంకొకటి. పొద్దుటినుంచి వాన. ఎడమ పక్క వెదురు కమ్మిన గట్టు, కుడి పక్క లోయ, కింద వాగు. మలుపు తిరిగాక కల్వర్టు. జిప్సీ దాని మీదికి వెళ్లగానే పేలింది. ఆ వెంటనే గట్టు మీదినుంచి కాల్పులు. ఆంబుష్ అంటే మామూలుగా ఇలాగే ఉంటుంది: ముందు బండిని పడగొట్టి దారి మూసి, ఆగిపోయిన మిగతా బండ్లను ఎత్తు మీదినుంచి కొడతారు. 2015 జూన్ 4న మణిపూర్ చందేల్ జిల్లాలో 6 డోగ్రా రెజిమెంట్ కాన్వాయ్ మీద జరిగిన దాడిలో 18 మంది సైనికులు చనిపోయారు, అక్కడా ఐఈడీతో పాటు రాకెట్లూ, ఆటోమేటిక్ తుపాకులూ వాడారు.

అద్దం తెల్లగా పగిలిపోయింది. పక్క సీట్లోని నాయక్‌కి (అది పేరు కాదు, సైన్యంలో హోదా) మెడ కింద తగిలింది. రేడియేటర్ పగిలి ఆవిరి లోపలికి వచ్చింది. ఆ తీపి వాసన అక్కడిది. నాయక్ ‘గాడీ పీఛే లే’ (బండి వెనక్కి తియ్యి) అన్నాడు. వైపర్ తిరుగుతూనే ఉంది. పగిలిన అద్దం మీద పెళ్లలు గీసుకుంటూ అటూ ఇటూ. హవల్దారు గారు స్టీరింగ్ పట్టుకుని దాన్ని చూస్తూ కూర్చున్నారు. ‘ఎంతసేపు?’ అంటే, ‘పది నిమిషాలు మేడమ్. ఇంకా ఎక్కువేనేమో.’ ఆ తర్వాత ఒక్కసారిగా ఆయన టైరు పక్కన బోర్లా పడుకుని ఉన్నారు, మ్యాగజీన్ మారుస్తున్నారు. ఈ రెండింటి మధ్య ఏమీ లేదు. నాయక్ సాయంత్రానికి ప్రాణం వదిలాడు.

ఆ పది నిమిషాలే ఆయన జబ్బుకి మూలం. ఆయన లెక్క ప్రకారం, చెప్పగానే బండి వెనక్కి తీసి ఉంటే నాయక్ బతికేవాడు, తాను పిరికివాడిలా కూర్చుండిపోయాడు. ఇక్కడే ఇంకో ముడి ఉంది. తర్వాత సైన్యం జరిపిన అంతర్గత విచారణలో (కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ) ఆయన సంతకం పెట్టిన వాంగ్మూలంలో వేరేలా ఉంది: బండి వెనక్కి తీయబోయాను, వెనక బండి అడ్డం ఉంది, వెంటనే దిగి ఎదురుకాల్పులు జరిపాను. దాని మీదే కమెండేషన్ కార్డు వచ్చింది. ఆ వాంగ్మూలం ఇచ్చినట్టు ఆయనకి లీలగా గుర్తుంది గానీ, రాసిన విషయం మాత్రం జరిగినట్టు గుర్తులేదు. తనని కాపాడటానికి పైవాళ్లెవరో అలా రాయించారనీ, తాను అబద్ధం మీద సంతకం పెట్టి మెచ్చుకోలు తీసుకున్నాననీ ఆయన నమ్మకం. కార్డు ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉంది. భార్యకి కూడా చూపించలేదు.

ఏది నిజం

పైకి చూస్తే ఇది భయం కేసు. నా ఉద్దేశంలో భయం ఇక్కడ సగమే, మిగతా సగం ‘నేను అబద్ధమాడాను’ అన్న నమ్మకం. ఆయన తన ఇప్పటి జ్ఞాపకాన్ని నిఖార్సైన సాక్ష్యంగా పట్టుకున్నారు. అంత స్పష్టంగా, అంత తరచుగా కళ్లముందు కనిపించేది తప్పెలా అవుతుందన్నది ఆయన ప్రశ్న.

పరిశోధన చెప్పేది మాత్రం వేరు. గల్ఫ్ యుద్ధం నుంచి వచ్చిన 59 మంది అమెరికా సైనికులను, తిరిగొచ్చిన నెల తర్వాత ఒకసారి, రెండేళ్ల తర్వాత మరోసారి, 19 అనుభవాల గురించి అవే ప్రశ్నలు అడిగారు. సౌత్‌విక్ బృందం 1997లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 88 శాతం మంది కనీసం ఒక జవాబు మార్చారు. లక్షణాలు ఎక్కువున్నకొద్దీ, మొదట లేదన్నవాటిని తర్వాత ఉన్నాయనడం ఎక్కువైంది. శత్రువుకి చిక్కితే ఎలా తట్టుకోవాలో నేర్పే అమెరికా సైనిక శిక్షణలో, గట్టిగా ఒత్తిడి పెట్టి విచారించిన మనిషిని మర్నాడు గుర్తుపట్టమంటే సగం మంది కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చూపు ఒక్క వస్తువుకి అతుక్కుంటుంది, కాలం సాగిపోతుంది, మధ్యలో ముక్కలు పోతాయి. అలాంటప్పుడు వైపర్ తప్ప ఇంకేమీ గుర్తులేకపోవడంలో వింతేం లేదు. ఎహ్లర్స్, క్లార్క్ 2000లో చెప్పిన నమూనా ప్రకారం, ఇలాంటి ముక్క ముందూవెనకలతో కలవకుండా విడిగా ఉండిపోతుంది, అందుకే గతంలా కాకుండా ఇప్పుడు జరుగుతున్నట్టు వస్తుంది.

అలాగని ‘మీ జ్ఞాపకం తప్పు, వాంగ్మూలం ఒప్పు’ అని చెప్పే హక్కు నాకు లేదు. వాంగ్మూలాలు కూడా మనుషులు రాసేవే. నేను అక్కడ లేను. నా పని విచారణ కాదని ఆయనతో తెగేసి చెప్పాను. మొదట ఆయనకి నచ్చలేదు. ఫౌజీ మనిషికి ఏదో ఒక రిపోర్టు ఖరారు కావాలి.

ఆ వైపర్ చోటునే పట్టుకుని నెమ్మదిగా చెప్పించాను. వారాలు గడిచేకొద్దీ అంకె 95 నుంచి 60కి దిగింది. ఒకరోజు వైపర్ ఎన్నిసార్లు తిరుగుతోందో చూస్తూ చెప్పమంటే నాలుగైదు దగ్గర ఆగిపోయారు. మరో రోజు ఉన్నట్టుండి, ‘ఎడమ చెయ్యి నొప్పెడుతోంది మేడమ్, గేర్ పడటం లేదు, కర్రుమంటోంది’ అన్నారు. కళ్లు తెరిచి నా వైపు చూశారు. రివర్స్ గేర్ వేయబోయానన్న మాట. నేను గేర్ ప్రస్తావన ఎప్పుడూ తేలేదు. అయినా దీన్ని రుజువుగా వాడుకోలేదు. అన్నాళ్లు అదే చోట తిరిగే మనసు తనకి ఊరటనిచ్చే ముక్కని తానే అతికించుకోవచ్చు. ‘కొత్తగా వచ్చింది, ఉండనివ్వండి, దీని మీద ఏదీ కట్టొద్దు’ అన్నాను. ఇలాంటి సమయంలో ‘చూశారా, మీరు ప్రయత్నించారు’ అనేయాలని చికిత్స చేసేవాళ్లకి ఎంతో ఉబలాటంగా ఉంటుంది. మరో వారం ఆ ముక్క రాకపోతే మనిషి మళ్లీ మొదటికొస్తాడు. నిజంగానే ఆ తర్వాత కొన్నిసార్లు చెప్పినప్పుడు గేర్ చప్పుడు రాలేదు.

మలుపు నా గదిలో రాలేదు. వెనక బండిలో ఉన్న సుబేదార్ సాబ్ రిటైరై హిమాచల్‌లో ఉంటున్నారు. ఆయనకి ఫోన్ చేస్తానని హవల్దారు గారు అడిగినప్పుడు నేను వెనకాడాను. అవతలి నుంచి ఏ మాట వస్తుందో తెలియదు. కానీ అది ఆయన జ్ఞాపకం, ఆయన స్నేహితుడు. ఏ జవాబొచ్చినా మరుసటి రోజే నన్ను కలిసేలా ఒప్పందం చేసుకుని సరేనన్నాను.

మర్నాడు వచ్చిన మనిషి నవ్వుతున్నారు. నా దగ్గర నవ్వడం అదే మొదలు. “సుబేదార్ సాబ్ ఏమంటాడో తెలుసా మేడమ్? ఆ రోజు వాన లేదంట! మేమంతా తడిసి ముద్దైపోయాం, బురదలో పాకాం. ఎండ కాసిందంటాడు.” సుబేదార్ చెప్పినదాని ప్రకారం ముందు కాల్పులు మొదలయ్యాయి, తర్వాతే జిప్సీ పేలింది. హవల్దారు గారి ట్రక్కు వెనక్కి కదలనే లేదు. కానీ ఆయన ఒక్క నిమిషంలోపే దిగి అరుస్తూ తమ వైపు వచ్చారట. అంటే మూడో కథ. అది వాంగ్మూలానికీ సరిపోదు, ఆయన జ్ఞాపకానికీ సరిపోదు.

యూనిట్ మొత్తంలో ఎప్పుడూ తప్పు చెప్పని మనిషిగా ఆయన చూసేది ఆ సుబేదార్‌నే. అలాంటాయన వాననే మరిచిపోయాడు. ‘మరైతే నా పది నిమిషాలు కూడా అంతేనా?’ అని ఆయనే అడిగారు. నేను జవాబు చెప్పలేదు. పరిశోధనల గురించి నేను చెప్పినదాన్ని మర్యాదకి విన్నారు గానీ, ఆ ఫోన్ కాల్ చేసిన పని అవేవీ చేయలేదు.

రివర్స్ తీసి ఉంటే

ఆ తర్వాత అపరాధ భావం గురించి మాట్లాడటం సులువైంది. పాత క్యాలెండర్ కాగితం వెనక ఆయన చేత మలుపు గీయించాను. రోడ్డు వెడల్పు, బండి పొడవు, వెనక బండి ఎంత దూరంలో ఉంది, లోయ ఎటు. నాకు బండి నడపడం అంతంతమాత్రం, కాబట్టి నిజంగానే అర్థం కాక ప్రశ్నలు అడిగాను. ఆయన డ్రైవింగ్ నేర్పే ఉస్తాదులా వివరించారు. తడి రోడ్డు, మలుపు, పగిలిన అద్దం, వెనక ఏముందో కనపడదు. పెన్సిల్‌తో ట్రక్కుని వెనక్కి జరుపుతూ జరుపుతూ ఆగిపోయారు. “ఇక్కడ రివర్స్ తీస్తే వెనక బండిని వాగులోకి నెట్టేసేవాణ్ణి మేడమ్. అందులో తొమ్మిదిమంది ఉన్నారు.” ఆ వాక్యం నేను చెప్పి ఉంటే ఓదార్పు అనుకునేవారు. చెప్పింది ఇరవై ఏళ్లకు పైగా ట్రక్కు నడిపిన డ్రైవరు.

నాయక్ చనిపోయిన బాధ దీంతో పోలేదు, పోవాలని నేను అనుకోనూ లేదు. తప్పు చేశానన్న భారం తగ్గాక అది మామూలు దుఃఖంలా బయటికి వచ్చింది. రెండు వారాలు ఆయన నాయక్ గురించే చెప్పారు. ఎలా పాడేవాడో, టీలో ఎంత చక్కెర వేసుకునేవాడో.

కల్వర్టుల పని సమాంతరంగా నడిచింది. భయం తక్కువున్నచోటి నుంచి ఎక్కువున్నచోటికి ఒక జాబితా వేసుకున్నాం: ఊరి పక్క కల్వర్టు మీద పగలు భార్యతో నడవడం, దాని గోడ మీద కూర్చోవడం, ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లడం, బావమరిది కారు ఆపకుండా నడపడం, చివర్న కొత్త మట్టి ఉన్న చోటు సంధ్యవేళ దాటడం. ఆఖరిది చాలా కష్టమైంది. ఒకసారి దాటేముందు హార్న్ కొట్టి దాటానని చెప్పారు. హార్న్ కూడా వదిలేయాలన్నాను. విసుక్కున్నారు గానీ వదిలేశారు. కూలెంట్ వాసనకి మెకానిక్ షెడ్డులో కూర్చోవడమే మందు. షెడ్డాయన ఊరివాడే, పైగా టీ ఇప్పించేవాడు.

ఇప్పుడు

దాదాపు నాలుగు నెలల చికిత్స తర్వాత పీసీఎల్-5 స్కోరు 31కి దిగువకి వచ్చింది, ఆరు నెలలకి మళ్లీ చూసినా అక్కడే ఉంది. పీడకల వస్తుంది, అరుదుగా. గేటు తాళం ఒకసారి చూస్తారు. అది నేనూ చూస్తాను. ఇంట్లో మద్యం మానేశారు. వాళ్ల రెజిమెంట్ కలయికల్లో తాగుతానని ముందే చెప్పారు, అబద్ధం చెప్పనందుకు సంతోషించాను. చెవిలో ఈల అలాగే ఉంది, మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్ ద్వారా వినికిడి యంత్రం తీసుకున్నాక ఇంట్లో గొడవలు తగ్గాయి. టీవీలో దాడుల వార్తలొస్తే లేచి వెళ్లిపోతారు. దాన్ని లక్షణంగా లెక్కేయడం నాకిష్టం లేదు. సెర్ట్రలీన్ ఏడాదిపాటు కొనసాగించాలని సైకియాట్రిస్టు నిర్ణయం.

కాలేజీ బస్సుకి తిరిగి వెళ్లలేదు. వాళ్లు మళ్లీ పిలవలేదు, ఆయనా అడగలేదు. చిన్న గూడ్స్ బండి కొనుక్కుని కొబ్బరికాయల లోడు వేస్తున్నారు.

ఒక విషయం మిగిలింది. నాయక్ భార్యాపిల్లలు ఉత్తరాఖండ్‌లో ఉన్నారు. వాళ్లని చూసి రావాలని ఆయనకి బలంగా ఉంది, ఇంటావిడ కూడా వస్తానంటున్నారు. అక్కడ ఆ రోజు గురించి అడిగితే మూడు కథల్లో ఏది చెప్పాలన్నది ఆయన ప్రశ్న. తనకి గుర్తున్నదే, గుర్తున్నంతవరకే చెప్పమన్నాను. ఆయనకది చాలలేదు. టికెట్లు బుక్ చేసేలోపు దీని గురించి మరోసారి కూర్చోవాలనుకున్నాం.